ఎడమ వరుస

“నీళ్ళు పోశారా అత్తయ్యా?”

మొక్కలు పెంచే గాజుగదిలో కుళాయి దగ్గర మగ్గు కడుగుతున్న అత్తగారు వెనక్కి తిరిగింది.

“పోశానే. నీకు అన్నం తెచ్చినప్పుడల్లా చూస్తున్నాను, ప్రాణం ఉసూరుమంటోంది. ఈ నాలుగు రోజులూ కాసిని పోశాను. నా ఇన్సులిన్ చేసేది కూడా జన్యువు మార్చిన సూక్ష్మజీవేనన్నావుగా? దానికైనా తిండీ నీళ్ళూ పెడతారు కదా!”

కోడలు గిరుక్కున ఎడమ వరుస వైపు తిరిగింది.

ఎడారి కలుపుమొక్కలో దాహాన్ని ఓర్చుకునే జన్యువును కత్తిరించి ఆమె టమాటాలో అతికించింది. ఏళ్ళ తరబడి ప్రయత్నిస్తే అది పట్టిన మొక్కలు ఎడమ వరుసలోని ఆ కాసినే. కుడి వరుసవి మామూలువి. నెల్లాళ్ళుగా రెండు వరుసలకూ నీళ్ళు లేవు. కుడి వరుస ఎండి వాలిపోయింది. ఎడమది పచ్చగా నిలబడింది. పొద్దున ప్రొఫెసర్ అందరి ముందూ మెచ్చుకుంటే ఆమె తల వంచుకుని లోలోపల పొంగిపోయింది.

ఆ పొంగే ఇప్పుడు ముఖాన్ని కాల్చింది. ఆ పచ్చదనం జన్యువుది కాదు, మగ్గుది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన తనకు వచ్చినందుకు ఆమె మరింత సిగ్గుపడింది. దాన్నుంచి పారిపోతున్నట్టే ప్రొఫెసర్ గదికి నడిచింది.

“సార్, మొక్కలకు మా అత్తగారు నీళ్ళు పోశారు. నా ఫలితం అబద్ధం.”

ఆయన కళ్ళజోడు తీశారు. “ఎవరైనా చూశారా?”

“లేదు సార్.”

“అయినా చెప్పావు.” నిట్టూర్చారు. “పరీక్ష చెడితే నిబంధన ప్రకారం జన్యువు మార్చిన మొక్కలను కాల్చాల్సిందే. కానీ ఇప్పుడేం తొందర? రేపు నేనూ వచ్చి చూస్తాను.”

“వద్దు సార్. ఈ రాత్రి గడిస్తే నా మనసు మారుతుందేమో.”

ఎడమ వరుసను వేళ్ళతో సహా పెరికి, వ్యర్థాలు కాల్చే కొలిమిలో వేసింది. చివరి ఆకు బూడిదయ్యేదాకా నిలబడింది. సిగ్గు కాస్త చల్లారింది. తనను తాను గెలిచాననుకుంది.

తిరిగి వచ్చేసరికి అత్తగారు గాజుగదిలోనే కొంగు నలుపుకుంటూ ఉంది.

“నావల్ల పెద్ద తప్పే జరిగినట్టుందే?”

“పోనివ్వండి అత్తయ్యా. జాలిపడ్డారు, అంతే.”

అత్తగారు ఖాళీ అయిన ఎడమ వరుసనూ, వాలిపోయిన కుడి వరుసనూ మార్చి మార్చి చూసింది.

“అది సరేగానీ, నేను నీళ్ళు పోసినా తేరుకోని ఈ కుడివైపువి వదిలేసి వాటినెందుకు కాల్చావే?”