తుప్పు కింది నంబరు

మా గడియారాల రిపేరు కొట్టుకొచ్చే ఒక ముసలాయన్ని మిలిటరీ తాత అంటాం. సైన్యంలో ఒక్కరోజు కూడా పనిచేసినవాడు కాదు. సిపాయిలకిచ్చిన పాత చేతిగడియారాలు పోగేస్తాడంతే. కొత్తది దొరికినప్పుడల్లా అన్నీ మా బల్లమీద బోర్లా పేర్చి, వెనక చెక్కిన నంబర్లు భూతద్దంతో చూస్తాడు.

పోయిన నెల ఒక గడియారం ముల్లు కనబడలేదని అందరి ముందూ నా జేబులు తిరగేయించాడు. చివరికది ఆయన స్వెట్టరుకే అంటుకుని ఉంది. "సర్లే, పని చూస్కో" అన్నాడు. ఆ రోజు నుంచీ అదను కోసం చూస్తున్నాను.

నిన్న వెనకంతా తుప్పు పట్టిన గడియారం తెచ్చాడు. "నంబరు చెడకుండా తుప్పు తియ్యి. దీని ప్రాణమంతా అక్కడే ఉంది."

కథల్లో రాక్షసుడు కూడా ఇలాగే ప్రాణం ఎక్కడుందో చెప్పుకుని చచ్చాడు. సానచక్రం మీద పెట్టి, వెనకవైపు అద్దంలా అయ్యేదాకా అరగదీశాను.

ఇవాళ చేతికిచ్చాను. తిప్పి చూసి, భూతద్దం పెట్టి వెతికాడు.

"మొహం చూసుకోవచ్చు తాతా, ఎంత నున్నగా వచ్చిందో" అన్నాను.

ఆయన తిట్టలేదు. పర్సులోంచి మడతలు చిరిగిన ఉత్తరం తీశాడు. "యుద్ధం నుంచి మా తమ్ముడు రాసిన ఆఖరిది. కొత్త వాచీ ఇచ్చారన్నయ్యా అని నంబరు కూడా రాశాడు. మనిషీ రాలేదు, కబురూ లేదు. ముప్పయ్యేళ్లుగా ఈ నంబరు కోసమే వెతుకుతున్నా. తుప్పు కింద నువ్వు చూశావుగా. ఇదేనా బాబూ?"

అరగదీసే కోపంలో నేను ఒక్క అంకె కూడా చదవలేదు.