ఫ్రిజ్ కింద ఇటుకలు

"ఫ్రిజ్ కింద ఈ ఇటుకలేమిటమ్మా?"

గుమ్మం దాటీ దాటకముందే ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. కూర్చోమంటే కూర్చోలేదు. మంచినీళ్ళు ఇవ్వబోతే వద్దన్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని, దొంగసొత్తు వెతకడానికి వచ్చిన పోలీసులా హాలంతా కలియజూశాడు.

"ఎలుకలండీ," అందామె. "కింద దూరుతున్నాయని కాస్త ఎత్తు పెట్టాం."

"ఎత్తు పెడితే దూరవా? ఇంకా సుఖంగా దూరతాయేమో!"

నిజమే, ఈ జవాబు ఆమె ముందే ఇంకాస్త బాగా ఆలోచించుకోవలసింది. గట్టి వాన పడితే దగ్గర్లోని ఫ్యాక్టరీ వెనక కాలువ పొంగి ఆ ఇటుకల దాకా నీళ్ళొస్తాయని చెప్పలేదు కదా.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దమనిషి ఎవరో గాని, ఇల్లు అమ్మి మాత్రం చూసి ఉండడు. ఆమె ఈ ఇల్లు అమ్మాలి. అమ్మి తీరాలి. "ఈ గాలిలో పాపని ఇంకో చలికాలం ఉంచారంటే ఆపైన నా చేతుల్లో ఏమీ ఉండదు" అని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది. ఇది అమ్ముడుపోతేగాని ఇంకోచోటికి కదిలే దారి లేదు. ఇంతకు ముందు రెండుసార్లూ తన నోరే జారింది. ఈసారి చచ్చినా జారకూడదనుకుంది.

ఆయన కిటికీ గట్టు మీద వేలు రాసి చూశాడు. వేలు తెల్లగానే ఉంది. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. పొద్దున్నే లేచి తుడిచింది మరి! ఆయన అంతటితో ఊరుకున్నాడా? రెక్క తెరిచి, వెనకాల గుడ్డ అందని మూల రాశాడు. వేలు కాటుక భరిణెలో ముంచినట్టు నల్లబడింది.

"లారీల దుమ్మండీ," అంది గబగబా.

"దుమ్ము ఇంత నల్లగా ఉంటుందా?"

"రోడ్డు నల్లగానే ఉంది కదండీ!"

ఆయన పెదవి చివర నవ్వులాంటిదేదో మెరిసి, అంతలోనే మాయమైంది.

పడగ్గదిలో మంచం చూడలేదు, కప్పు చూడలేదు. సూటిగా బీరువా దగ్గరికి నడిచాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె వెళ్ళి బీరువాకి అడ్డంగా నిలబడింది. ఆయన పక్కనుంచి తొంగి చూశాడు.

"గదంతా పాత రంగు. బీరువా వెనక ఒక్కచోటే కొత్త రంగెందుకు వేశారు?"

"పాప గోడ మీద బొమ్మలు గీసిందండీ."

"బీరువా వెనక దూరి గీసిందా?"

లారీలు వెళ్ళినప్పుడల్లా ఆ గోడలో పగులు ఇంకాస్త సాగుతోంది. ఎన్నిసార్లు పూడ్చినా అంతే.

"పక్కింటికి తాళం. ఎదురింటికీ తాళమే. అందరూ ఎక్కడికి పోయారు?"

"ఊరెళ్ళారండీ."

"అందరూ కూడబలుక్కునా?"

ఈ మనిషికి నోట్లో నాలుకా, కత్తా? ఆమెకి ఒళ్ళు మండింది. అయినా నవ్వు మొహం పెట్టుకునే ఉంది.

"ఇల్లు చూడ్డానికి సాయంత్రం వస్తామంటే, కాదు పొద్దున్నే రమ్మన్నారు. సాయంత్రం ఇక్కడ ఏం జరుగుతుందమ్మా?"

ఏం జరుగుతుందో ఆమెకి బాగా తెలుసు. పొద్దు వాలేసరికి గాలి ఇటు మళ్ళుతుంది. ఫ్యాక్టరీ పొగగొట్టంలోని పొగంతా పెరట్లోకే దిగుతుంది. ఉతికిన బట్టల్నీ, ఆడుకునే పిల్లనీ లోపలికి చేర్చి తలుపులు బిగించుకోవాలి.

"సాయంత్రం పాపకి చదువు చెప్పుకోవాలండీ," అంది.

"మీవారేరీ? ఆయన ఉండి చూపించొచ్చుగా?"

"డ్యూటీకి వెళ్ళారండీ. ఆ ఫ్యాక్టరీలోనే పని."

"అయితే ఆ గొట్టంలోంచి ఏం వస్తుందో ఆయనకి తెలియకుండా ఉంటుందా?"

ఆమె నోరు తెరిచేలోపు లోపలి గదిలో పాప దగ్గింది. ఒక దగ్గుతో ఆగలేదు. ఆయన తల గిరుక్కున అటు తిరిగింది. ఒక అడుగు వేసి, ఆగిపోయాడు.

"జలుబండీ," అంది ఆమె. "నిన్న ఐస్‌క్రీమ్ తింది."

ఆయన అప్పుడు కూర్చున్నాడు. గొంతులో ఇందాకటి వెటకారం లేదు.

"మాకూ ఒక్కతే కూతురమ్మా. ఐదేళ్ళది. ఆ గదిలో దాన్ని పడుకోబెట్టమంటారా? మీ నోటితో ఒక్కమాట చెప్పండి, చాలు."

ఈ ప్రశ్న దగ్గరే ప్రతిసారీ తప్పుతోంది. జవాబు కంఠతా వచ్చు. 'నిశ్చింతగా పడుకోబెట్టండి' అనాలి. అంతే. అంటే పాప బతుకుతుంది. ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకుంది. లోపల పాప మళ్ళీ దగ్గింది.

"వద్దండీ," అంది.

ఆ మాట వచ్చాక మిగతావి ఆగలేదు. "ఆ గదిలోనే కాదు, ఈ ఇంట్లోనే వద్దు. మాకు అమ్మినాయన కూడా లారీల దుమ్మనే చెప్పాడు. నమ్మాం. నమ్మి, నెలల పిల్లని తెచ్చి ఆ కిటికీ పక్కనే పడుకోబెట్టాం. ఇంకొకరి పిల్లని నా నోటితో ఎలా పడుకోబెట్టమంటాను?" అంటూ మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చేసింది.

ఆయన లేచి, గోడకి తగిలించిన ఫ్యాక్టరీ చొక్కా తీసి తొడుక్కుంటూ, "కట్టుకున్న మొగుడికే అమ్మలేకపోయావు, ఇంకో గంటలో చంకలో పిల్లనెత్తుకుని వచ్చేవాళ్ళకి ఏం అమ్ముతావే?" అన్నాడు.