ఫోము పట్టీ

మా తమ్ముణ్ణి తన్నడానికే వాళ్లింటికెళ్లాను. అమ్మ పోతే నాకు కబురైనా చెయ్యకుండా అంతా కానిచ్చేసిన వెధవ వాడు. అమ్మ ముఖం ఆఖరిసారి చూడనివ్వలేదు నన్ను.

వెళ్లేసరికి ఒంటరిగా మంచంలో పడున్నాడు. తుంటి మీద పుండు. పాత గుడ్డ దానికి అంటుకుపోయి ఒకటే కంపు. పడున్నవాణ్ణి కొట్టే చెయ్యి కాదు నాది.

"లేరా, తంతాను" అన్నాను.

"లేవలేనన్నయ్యా."

"నేనే లేపుతా. లేపి మరీ తంతా."

ఆస్పత్రి నుంచి నర్సమ్మని వెంటబెట్టుకొచ్చాను. ఆవిడ పుండు కడిగి మెత్తటి ఫోము పట్టీ అతికించింది. "రసి అంతా ఇదే పీల్చుకుంటుంది తాతా. తడి మచ్చ అంచుదాకా వస్తేనే మార్చు. ఊరికే విప్పితే కొత్త చర్మం ఊడొస్తుంది" అని చెప్పి, మార్చడం నేర్పింది.

అప్పట్నుంచీ రోజూ వెళ్తున్నా. అన్నం పెడతా, ఒత్తిగిల్లబెడతా, కడుపారా తిడతా. తన్నే రోజు కోసం గట్టి అట్టల చెప్పులు కూడా కొనుక్కున్నా.

పుండు మానితేనా! ఎప్పుడు చూసినా పట్టీ అంచు లేచే ఉంటోంది. ఇవాళ వాడి గోళ్లలో పట్టీ జిగురు కనబడింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"తన్నులకి జడిసి పీక్కుంటున్నావట్రా, పిరికి వెధవా?"

వాడు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"తన్నులకి కాదన్నయ్యా. మానితే తన్నేసి వెళ్లిపోతావు. మళ్లీ రావుగా."