కిటికీలు

అణు విద్యుత్ ప్లాంటులో పనిచేసే భర్త మిట్టమధ్యాహ్నం పరుగున ఇంటికొచ్చి, కిటికీలన్నీ ధడధడా మూసేశాడు.

"నా చొక్కాకుండే రేడియేషన్ బ్యాడ్జీలో రీడింగ్ మితిమీరి వచ్చిందట. ఎక్కడ తగిలిందో అంతుపట్టడం లేదు."

భార్య గబగబా దగ్గరికొచ్చింది. "మొన్న అది ఇంట్లో మర్చిపోయారుగా. ఇక్కడ రేడియేషన్ ఏమీ లేదన్న మీ మాట నమ్మబుద్ధికాక, ఆ పూటంతా పాప గౌనుకి తగిలించి చూశానండీ."

అతని మొహంలో కత్తివాటుకు నెత్తుటిచుక్క లేదు. "పాపకా? ఎక్కడికి తీసుకెళ్లావు?"

"పాప చెయ్యి బెణికిందని ఎక్స్‌రే తీయించానుగా, అక్కడికే."

"ఎక్స్‌రేనా!" అతను కుర్చీలో కూలబడి కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. "చంపేశావు కదే! ఆ రీడింగ్ దానిదే. ప్లాంటుకేమీ కాలేదు."

నవ్వుతూనే కిటికీ తీయబోయాడు.

"ఊరూరా మీటింగులు పెట్టి భయం లేదని చెప్పేది మీరే కదండీ," అందామె. "మరి ఇవెందుకు మూశారు?"

గడియ మీద అతని చెయ్యి ఆగిపోయింది.