మూసిన కుట్టుగది

కరెంటు పోయి గంటైంది. నేలలోంచి సన్నగా గుర్రుమనే చప్పుడు వినిపిస్తోంది. కింది వాటాలో అద్దెకుండి బట్టలు కుట్టే అమ్మాయి మాత్రం రెండుసార్లు పిలిచినా పలకలేదు. మనసు కుదుటపడక, చేతికర్ర కూడా తీసుకోకుండా మెట్లు దిగాను.

తలుపు తోశాను. కిటికీలన్నీ బిగించిన గదిలో జనరేటర్ నడుస్తోంది. ఆమె కుట్టుమిషను మీద తల వాల్చేసి ఉంది. ఊపిరి బిగబట్టి, చంకల కింద చేతులు వేసి, వాకిట్లోకి ఈడ్చుకొచ్చాను.

ఆమె కళ్లు తెరిచేదాకా నా కాళ్లు ఒకచోట నిలవలేదు. తెరిచాక నా నోరు ఆగలేదు.

"బుద్ధి గడ్డి తిందా? ఆ పొగలో విషవాయువు ఉంటుంది. కంటికి కనపడదు, వాసన రాదు. ఇంకాసేపైతే ప్రాణం పోయేది. దాన్ని గదిలో ఎవరు పెట్టుకోమన్నారు?"

ఆమె తల పట్టుకుని బిడియంగా నావైపు చూసింది.

"మీరేగా పిన్నిగారూ, దాని చప్పుడు మీ చెవిన పడితే ఇల్లు ఖాళీ చేయిస్తానన్నారు. అందుకే లోపల పెట్టి అన్నీ మూసేశాను. అయినా వినపడిందా?"

క్షమించమని అడగడం నాకు చేతకాదు. ఆటో పిలిచి, ఆసుపత్రి దాకా ఆమె పక్కనే కూర్చున్నాను.

"ఇకనుంచి అది పెరటి చివర, కిటికీలన్నిటికీ దూరంగా ఉండాలి" అన్నాను.

"మరి చప్పుడండీ?"

"చెవులు నావి. నేను చూసుకుంటాను."