వంకర మూత

తొడుక్కుంటే చాలు, చేతిని తామే నడిపించే తొడుగులు వచ్చాక ఏటికొప్పాక బొమ్మల బళ్లో ఎవరికీ ఉలి జారడం లేదు. ఆవేళ పైడితల్లి తొడుగు చెడిపోయింది. ఉత్త చేత్తో, కర్రను తిప్పే లేతు మీద చేసిన కుంకుమ భరిణె మూతతో సహా వంకరగా వచ్చింది.

"అది భరిణా, పనసపిక్కా?" అని తోటిపిల్లలు నవ్వారు.

"రేపట్నించి మానేత్తానమ్మా," అంది పైడితల్లి, పని నేర్పే సన్యాసమ్మతో.

సన్యాసమ్మ అందరి మూతలూ బుట్టలో కలిపేసింది. "ఎవరి మూత ఆళ్లు తీసుకోండర్రా!"

ఏ మూతైనా ఏ భరిణెకైనా పట్టింది. తమదేదో ఎవరికీ తెలియలేదు. పైడితల్లి మాత్రం తన వంకర మూతను చటుక్కున ఏరుకుంది. తన భరిణెకు బిగించి, మూత పట్టుకుని ఎత్తితే భరిణె కూడా లేచొచ్చింది.

"నీ తొడుగు బాగుచేయించమంటావేటే?" అంది సన్యాసమ్మ.

"తొందరేటుందమ్మా? నిదానంగా చూసుకుందాంలే."