మెత్తని ప్రయాణం

మొదటి దెబ్బ చెవి మీద పడింది. రెండోది ఎక్కడ పడిందో ప్రొకోపికి తెలియలేదు. తేరుకునేసరికి తన షెడ్డులోనే నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. నోరంతా రక్తం, ఉప్పగా. పైన ఎర్చిమ్ నిలబడి ఉన్నాడు, చేతిలో చక్రాలు విప్పే ఇనప రాడ్డుతో.

"నేనేం వెయ్యమన్నాను? నువ్వేం వేశావు ముసలోడా?"

"కూర్చుని మాట్లాడుకుందాం, ఎర్చిమ్."

"కూర్చోడానికి నడుమేది? ఆరొందల కిలోమీటర్లు. గతుకు గతుకుకీ వెన్నులో మేకు దిగ్గొట్టినట్టుంది. మెత్తటి షాక్ అబ్జార్బర్లు వెయ్యమంటే బండి కింద బండరాళ్లు కడతావా?"

ప్రొకోపి మోచేతి మీద లేవబోయాడు. బొచ్చు బూటు ఒకటి రొమ్ము మీద పడి మళ్లీ పడుకోబెట్టింది.

ముప్పై ఏళ్లుగా యాకూతియాలో తన షెడ్డు ముందు దారిన పోయే బళ్లన్నిటికీ అతనే మెకానిక్కు. సున్నాకి యాభై డిగ్రీలు దిగువన మామూలు షాకులో నూనె బంకలా బిగుసుకుపోతుందనీ, రబ్బరు గాజులా పగులుతుందనీ అక్కడ అందరికీ తెలుసు. చలికి గట్టిపడని పల్చటి నూనె పోసినవి అతని దగ్గర రెండు రకాలున్నాయి, మెత్తవీ బిరుసువీ. వారం కింద ఎర్చిమ్ భార్య కున్నెయ్ వచ్చి, రెండింటినీ రెండు గంటలసేపు బయట మంచులో పడేయించి, ఒక్కోదాని మీదా తన బరువంతా మోపి నొక్కి చూసింది. "ఇది వెయ్యి బాబాయ్. ఆయనకి ఉయ్యాల్లో కూర్చున్నట్టుండాలి," అంది. ప్రొకోపి సరేనని తలూపి, ఆమె వెళ్లాక బిరుసువి బిగించాడు.

"తెలిసే వేశాను," అన్నాడు ఇప్పుడు, నేల మీంచే.

పైకి లేచిన రాడ్డు ఆగింది. "ఏంటీ?"

"నువ్వు స్టీరింగు పట్టుకుని నిద్రపోతావు. మార్చిలో గడ్డకట్టిన లేనా నది మీద దారి తప్పి, బండి ముక్కు మంచుగుట్టలో దిగబడేదాకా కళ్లు తెరవలేదు. వెనకాల లారీ వస్తోంది కాబట్టి బతికావు. మెత్తవి వేస్తే నిన్ను జోకొట్టి పంపినట్టే."

"నా నిద్ర సంగతి నీకెందుకు? నువ్వేమన్నా నాకు పాలిచ్చి పెంచావా?"

ఎర్చిమ్ అతన్ని కాలరు పట్టుకుని బయటికి ఈడ్చాడు. ఆపకుండా వదిలిన ఇంజను పొగ, చలికి పైకి లేవలేక, వ్యాను చుట్టూ తెల్లగా పేరుకుని ఉంది. ప్రొకోపి మూతి తుడుచుకున్న కుడి చెయ్యి ఇంకా తడిగానే ఉంది. ఎర్చిమ్ ఆ అరచేతిని తీసుకెళ్లి ముందు బంపరుకి అదిమిపెట్టాడు.

తడి చెయ్యి ఆ చల్లటి ఇనుముకి అతుక్కుపోయింది. ముందు కాలినట్టనిపించింది, తర్వాత ఏమీ అనిపించలేదు. ఆ ఏమీ అనిపించకపోవడానికే ప్రొకోపి భయపడ్డాడు.

"ఇప్పుడు చెప్పు. మెత్తవి వేస్తావా?"

వ్యాను తలుపు తెరుచుకుంది. సాక్ష్యం చెప్పడానికని ఇంటి దగ్గర్నుంచి మొగుడు లాక్కొచ్చిన కున్నెయ్ దూకి వచ్చి అతని భుజం పట్టుకుంది. "వదిలెయ్. వేళ్లు పోతాయి ఆయనకి."

ఎర్చిమ్ ఆమె వైపు తిరగను కూడా లేదు. మోచెయ్యి వెనక్కి విసిరాడు. ఆమె మంచులో పడింది, పెదవి చిట్లింది. ఏడవలేదు. లేచి షెడ్డులోకి పరిగెత్తి, పొయ్యి పక్కన గోరువెచ్చగా ఉన్న టీ కెటిల్ తెచ్చి ప్రొకోపి చేతి మీద వంచింది. ఎర్చిమ్ అడ్డుపడలేదు. చెయ్యి ఊడి వచ్చింది. అరచేతి చర్మం కొంత బంపరు మీదే ఉండిపోయింది.

"క్యాంటీన్‌కి పోయి తినొస్తాను," అన్నాడు ఎర్చిమ్, చేతి తొడుగులు వేసుకుంటూ. "రెండు గంటలు. ఈలోగా మెత్తవి బిగించకపోతే రెండో చెయ్యి." భార్య వైపు చూశాడు. "నువ్విక్కడే ఉండి చూస్తుండు. ముసలోడు మళ్లీ మాయ చేస్తే నీకూ ఉంటుంది."

కున్నెయ్ ప్రొకోపిని లోపలికి నడిపించింది. చేతికి గుర్రం కొవ్వు రాసి, తన తలగుడ్డ చింపి కట్టు కట్టింది. ఆమె గడ్డం మీద రక్తం అప్పటికే గడ్డకట్టి ఉంది.

"నా మూలంగా నీకూ దెబ్బ తగిలింది తల్లీ."

"ఇదేముందిలే."

"నువ్వు మొగుడి నడుం గురించి ఆలోచించావు. నేను వాడి ప్రాణం గురించి ఆలోచించాను. చెయ్యి పోతే పోనీ, నేను మాత్రం అవి బిగించను. వెళ్లి చెప్పెయ్."

ఆమె వెళ్లలేదు. అలమర దగ్గరికి వెళ్లి మెత్తటి షాకుల పెట్టె దించింది. తాడు కోసి, ఒక్కొక్కటే తీసి అతని ముందు వరసగా పెట్టింది. పానా తెచ్చి అతని ఎడమ చేతిలో ఉంచింది.

"కానీ బాబాయ్. కింద పట్టుకోడానికి నేనున్నాను."

"నీకు అర్థం కావట్లేదు కున్నెయ్. రేపు వాడు ఒక్కడే నది మీదికి వెళ్తాడు. వెచ్చటి క్యాబిన్, గతుకు తెలియని బండి. తప్పకుండా నిద్రపోతాడు. ఇంజను ఆగిందంటే ఆ చలిలో మళ్లీ లేవడు."

కున్నెయ్ మోకాళ్ల మీద కూర్చుని మొదటి షాకు చేతిలోకి తీసుకుంది.

"మరి అంతసేపు చూసి చూసి ఇవే ఎందుకు ఎంచుకున్నాననుకున్నావు?" అంది.